నీ ఇష్టం అక్కా

ఈతక్కకు నీళ్ళంటే భయం లేదు. ఆ మాట ఆవిడ చెప్పుకోనక్కర్లేదు, చూసినవాళ్ళకే తెలుస్తుంది. లోతు పక్క గట్టుమీద నిలబడి, రబ్బరు టోపీలోకి జుట్టు దూర్చుకుంటూ ఎవరినో తిట్టడం మొదలుపెట్టేది. ఆ తిట్టు పూర్తికాకుండానే నీళ్ళలోకి దూకేది. అటు పక్క తేలాక మిగతా సగం తిట్టేది. యాభై దాటిన మనిషి. భుజాలు మాత్రం బస్తాలు మోసేవాడి భుజాల్లా ఉంటాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "నాతో పాటు దూకేవాడు దొరకలేదమ్మా" అని నవ్వి ఊరుకునేది.

ఆవిడ భయమంతా చప్పుడు ఆగిపోవడం గురించి. ఈత కొలనులో ఆడవాళ్ళ తరగతికి ఆవిడే టీచరు. కొత్తగా వచ్చినవాళ్ళు నీళ్ళలో కాలు పెడుతూనే ఊరంతా వినబడేలా కెవ్వుమంటారు. ఆ కేకలు వింటూ ఈతక్క తాపీగా టీ తాగేది. "అరిచేదానికేం కాదు. అరవడానికి ఊపిరి ఉంది కదా. నోరు మూసుకున్నదెవరో చూడండి ముందు" అని తన కింద పనిచేసే పిల్లలకు చెప్పేది. నిజంగా మునిగిపోయే మనిషి చేతులు ఊపదు, కాపాడమని కేకెయ్యదు. తల కాస్త వెనక్కి వాల్చి, నోరు నీటిమట్టానికి ఉంచి, చూపు ఎక్కడో పెట్టుకుని ఉంటుంది. పక్కనున్నవాళ్ళు చూసి, అబ్బ, ఎంత చక్కగా తేలుతోందో అనుకుంటారు. ఆ అనుకునేంత సేపట్లోనే అయిపోతుంది. ఇన్నేళ్ళలో ఈతక్క చేతుల్లోంచి ఎవరూ జారిపోలేదు. అయినా ఏ నిమిషంలోనైనా నీటి మీద మాటలు తగ్గితే ఆవిడ అరచేతులకు చెమట పట్టేది.

ఆవిడ మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. వెల్లకిలా పడుకోబెట్టి, నడుం కింద ఒక చెయ్యి పెట్టి, "ఒళ్ళు వదిలెయ్. నేనున్నా" అనేది. వినడానికి ఎంత తేలికో, చెయ్యడానికి అంత కష్టం. నలభై ఏళ్ళు ఇల్లూ ఉద్యోగమూ మోసుకుంటూ వచ్చిన ఆడదాన్ని ఒళ్ళు వదిలెయ్యమంటే ఎక్కడ వదులుతుంది? మెడ బిగుస్తుంది, మోకాళ్ళు ముడుచుకుంటాయి, పిడికిళ్ళు బిగుసుకుంటాయి. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉండేది, అందరూ బ్యాంకావిడ అనేవారు. ఆవిడకు ఈ ఒక్క పాఠానికే ఒక వేసవి పట్టింది. చివరికి ఒక పొద్దున బిగువంతా సడలి, నీళ్ళ మీద ఆకులా పడుకుని కళ్ళు మూసుకుంది. ఈతక్క ఆనందం పట్టలేక ఈల ఊదింది. "అదీ! ఇన్నాళ్ళకి నిన్ను నువ్వు వదులుకున్నావే తల్లీ!" అని గట్టుమీద గంతులేసింది. పంపు గదిలో కొలను నీళ్ళకు మందు కలిపే ముసలాయన, పంపు తాత, ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

ఇలా మనుషులు తమను తాము వదులుకున్నప్పుడల్లా మెచ్చుకుని మెచ్చుకుని, ఆ మెప్పు ఆవిడకు నాలుక చివరే ఉండేది. అదే కొంప ముంచింది.

ఈతక్కకు ఒక చెల్లెలు. అయిదేళ్ళు చిన్నది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఎంత గట్టిగా ఏడ్చిందంటే, మంత్రసాని కూడా అదిరిపడి అరిచిందట. పెద్దయ్యాక బస్సుల కంపెనీ ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే కిటికీ దగ్గర ఉద్యోగం. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడు, తనకంటే ముందే బస్సుల వాళ్ళను ఈవిడ తిట్టిపోస్తుంటే, "పోనీలెండమ్మా, పాపం" అని వెళ్ళిపోయేవాడు. అక్కాచెల్లెళ్ళు కలిస్తే పోట్లాటే. కాఫీలో చక్కెర దగ్గర్నుంచి తల్లి ఎవరిని ఎక్కువ ప్రేమించిందనే దాకా ఏదైనా సరే. వాళ్ళు పోట్లాడుకుంటుంటే బాగున్నారని అర్థం.

తరవాత చెల్లెలి భర్తకు, ఈతక్క మరిదికి, జబ్బు చేసింది. నరాల జబ్బు. మొదట కాళ్ళు, తరవాత చేతులు, ఆఖరికి మింగడం. చెల్లెలు ఉద్యోగం మానేసింది. ఆయన మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంది. ఆయనను అటు తిప్పడం, ఇటు తిప్పడం, చెంచాతో పట్టడం, తుడవడం. తన ఒంట్లో చక్కెర జబ్బు ఉంది, పూటపూటా ఇన్సులిన్ సూది వేసుకోవాలి. ఆయన సూదులన్నీ వేళకు పడేవి, తనవి మాత్రం గుర్తొచ్చినప్పుడు. ఏళ్ళు గడిచాయి. చుట్టాలు వచ్చి చూసి కళ్ళు తుడుచుకునేవారు. "తనని తాను మరిచిపోయి చేస్తోంది తల్లీ, ఇదీ త్యాగమంటే" అని మేనత్త అనేది. ఒకాయనైతే ఆత్మసమర్పణ అన్నాడు. అంత పెద్ద మాట అనేసి భోజనం చేసి వెళ్ళాడు. చెల్లెలికి ఒక పూట సెలవిచ్చి, నువ్వు పడుకో, నేను చూసుకుంటానని అన్నవాడు ఒక్కడూ లేడు. పొగడ్త ఖర్చులేని పని కదా.

ఈతక్క కూడా అంది. అనకుండా ఉంటే బాగుండేది. "నీలా నేనైతే చెయ్యలేనే" అని చెల్లెలి తల నిమిరింది.

మరిది పోయాడు. ఆ తరవాత కూడా చెల్లెలు తనను తాను అలాగే మరిచిపోయి ఉంది. తల దువ్వుకోదు, వేళకు తినదు, పిలిస్తే ఉలికిపడదు. చేస్తున్నది అదే పని, కాకపోతే దానివల్ల లాభపడే మనిషి లేడు. దాంతో చుట్టాల నోట మాటలు మారిపోయాయి. "ఒంటిమీద ధ్యాస లేదు" అంది మేనత్త. "గాలికొదిలేసుకుంది, అంత నిర్లక్ష్యం పనికిరాదు" అన్నాడు ఆత్మసమర్పణ పెద్దమనిషి. మొన్నటిదాకా త్యాగం, ఇవాళ నిర్లక్ష్యం. లోకం నోటికి మూకుడు ఎక్కడని తెస్తాం?

ఈతక్క వెళ్ళి చెల్లెల్ని తన ఇంటికి తీసుకొచ్చుకుంది. రెండో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలారేసుకునేంత బాల్కనీ. మొదట్లో చెల్లెలు ఏడ్చింది, గోడకేసి తల కొట్టుకుంది, అన్నం కంచం తోసేసింది. ఈతక్కకు అప్పుడు భయం వేయలేదు. చప్పుడు ఉంది కదా. కొన్నాళ్ళకు ఆ ఏడుపు తగ్గింది. నెమ్మదించింది. ఏది పెడితే అది తినేది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చునేది.

"కిటికీ తెరవనా?"

"ఎందుకులే అక్కా. నీ ఇష్టం."

"సాయంత్రం అలా నడిచొద్దామా?"

"నీ ఇష్టం అక్కా."

పుట్టి బుద్ధెరిగాక ఆ చెల్లెలి నోట ఈతక్క ఇష్టం అనే మాట రావడం అదే మొదలు. ఈతక్కకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు బిగువు సడలింది, ఇక తేలుతుంది అనుకుంది. కొలను దగ్గర అందరికీ చెప్పుకుంది కూడా. "మా చెల్లెలు బాగుపడిందండోయ్. ఎంత శాంతంగా ఉందో! నాతో ఒక్క మాట కూడా పోట్లాడట్లేదు!" పంపు తాత ఒక్కడే చేతిలో పని ఆపి ఆవిడ ముఖంలోకి చూశాడు.

ఆ రోజు పొద్దున్న ఈతక్క సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. చెల్లెలు మంచం అంచున కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కన నీళ్ళ చెంబు ఖాళీ.

"సూది వేసుకున్నావా?"

"ఊఁ."

"మధ్యాహ్నం ఏం వండమంటావే?"

"నీ ఇష్టం అక్కా."

ఆ మాటతో పాటు ఒక వాసన వచ్చింది. మరీ మగ్గిపోయిన పండు వాసన. "గంపలో పళ్ళేవో పాడైనట్టున్నాయి, చూసి పారెయ్" అని చెప్పి ఈతక్క మెట్లు దిగిపోయింది.

కొలనులో ఆ పొద్దున జనం ఎక్కువ. ఈతక్క ఒక కొత్త పిల్లకు కాళ్ళాడించడం చూపిస్తోంది. గట్టుమీద ఇద్దరు ముగ్గురు కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళలో ఒకావిడ, "మన బ్యాంకావిడ చూడండి, లోతు దాకా వెళ్ళి ఎంత హాయిగా తేలుతోందో" అంది.

ఈతక్క తలెత్తింది. బ్యాంకావిడ తల వెనక్కి వాలి ఉంది. నోరు నీటిమట్టానికి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆ కళ్ళు దేన్నీ చూడటం లేదు. నీళ్ళు ఆవిడ పెదవుల మీదకు వచ్చిపోతున్నాయి, ఆవిడ వాటిని ఆపటం లేదు.

ఈతక్క ఎప్పుడు దూకిందో ఎవరూ చూడలేదు. వెనకనుంచి చంకల కింద చెయ్యేసి, గడ్డం పైకెత్తి, లోతుకు గుర్తుగా కట్టిన తాడు దాటించి గట్టుకు లాగింది. బోర్లా వంచి వీపు మీద చరిచింది. బ్యాంకావిడ నీళ్ళు కక్కింది, దగ్గింది, ఆ తరవాత భోరున ఏడ్చింది. "ఏడువమ్మా, గట్టిగా ఏడువు" అంది ఈతక్క. పంపు తాత తువ్వాలు తెచ్చి కప్పాడు.

"పిక్క పట్టేసింది" అంది బ్యాంకావిడ చివరికి.

"మరి అరవొచ్చుగా? ఇంతమందిమి ఇక్కడే ఉన్నాంగా!"

"అరుద్దామనే అనుకున్నానండీ. రాలేదు. కాసేపటికి..." ఆవిడ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "కాసేపటికి, ఎందుకులే అనిపించింది."

ఆ ముఖం, ఆ వాలిన మెడ, దేన్నీ చూడని ఆ కళ్ళు ఈతక్క ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, ఇవాళ పొద్దున్నే చూసింది. తన ఇంట్లో, మంచం అంచున. రోజూ చూస్తోంది. చూసి మెచ్చుకుంటోంది. ఊరందరి ముఖాల్లో దీన్ని కనిపెట్టగలిగిన మనిషి, ఇంట్లో దీనికి శాంతం అని పేరు పెట్టి సంతోషించింది.

తడి బట్టల మీద చొక్కా తగిలించుకుని పరుగెత్తింది. చెప్పులు కొలను దగ్గరే ఉండిపోయాయి. చెప్పుల దుకాణం ముందునుంచి, బడి గేటు ముందునుంచి, కూడలిలో బళ్ళ మధ్యనుంచి. హారన్లు మోగాయి, ఎవరో తిట్టారు. పరుగెడుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఖాళీ నీళ్ళ చెంబు. పళ్ళ గంపలో పళ్ళే లేవు, వారం కిందటే అయిపోయాయి. మరి ఆ వాసన ఎక్కడిది? ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా. అది వాడుతూ ఉంటే ఈపాటికి అయిపోవాలి. కొత్తది తెమ్మని చెల్లెలు ఒక్కసారి కూడా అడగలేదు. తలుపులో పాలపాకెట్టు పక్కన ఆ సీసా ఎప్పుడు చూసినా నిండుగానే ఉంది, తను రోజూ పాలు తీసుకుంటూ దాన్ని చూస్తూనే ఉంది. దేవుడా, దేవుడా అనుకుంటూ పరుగెత్తింది. ఆవిడకు దేవుడి మీద పెద్ద నమ్మకం కూడా లేదు.

తలుపు తోసేసరికి చెల్లెలు మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఊపిరి మాత్రం పరుగు పందెంలో ఉన్న మనిషి ఊపిరిలా లోతుగా, వేగంగా వస్తోంది. గదంతా ఆ మగ్గిన వాసన.

"ఏమే! ఏమే, కళ్ళు తెరువు! ఒసేయ్, నీకే చెప్పేది!"

కళ్ళు తెరవలేదు. ఏళ్ళ తరబడి చేసిన పని ఈతక్క చేతులకే గుర్తొచ్చింది. చెల్లెల్ని భుజం మీదకెత్తుకుని మెట్లు దిగింది. కింది వాటా పిన్నిగారు చూసి కెవ్వున అరిచి, ఎదురింటి టాక్సీ అతన్ని లేపింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. సెలైన్లు పెట్టించి, రక్తం చూసి బయటికొచ్చింది. "ఇన్సులిన్ పూర్తిగా మానేసి కొన్ని రోజులైంది. ఊపిరిలో ఆ పండు వాసన అందుకే. అంతకుముందు కూడా సరిగ్గా వేసుకున్నట్టు లేదు. మీతోనే ఉంటారా ఆవిడ?"

"నాతోనే."

"మీకు తెలియలేదా?"

ఈతక్క తల దించుకుంది. జుట్టులోంచి కొలను నీళ్ళు ఆసుపత్రి గచ్చు మీద పడుతున్నాయి. బతుకుతుందా అని అడగాలి. డాక్టరమ్మే చెప్పింది, ఇప్పుడే ఏమీ చెప్పలేమని.

మధ్యాహ్నానికి మేనత్త దిగింది. కొంగు నోట్లో కుక్కుకుని, "ఎంత ప్రేమమ్మా దీనిది! ఆయన దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది" అంది.

"అత్తా, నువ్వు ఇంటికెళ్ళు."

"అదేమిటే..."

"వెళ్ళత్తా! ఇంకొక్క మెచ్చుకోలు మాట నా చెవిన పడితే నేనేం చేస్తానో నాకే తెలీదు."

మర్నాడు చెల్లెలు కళ్ళు తెరిచింది. అక్కను చూసింది. "నేనేం చేసుకోలేదక్కా" అంది మెల్లగా. "చేసుకోవడం మానేశా, అంతే."

ఏదైనా చేసుకుంటే ఆపొచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. మానేసిన మనిషిని ఎక్కడని పట్టుకోవడం?

ఇంటికి తీసుకొచ్చింది. అక్కడినుంచి ఈతక్క బతుకంతా కాపలాయే అయింది. కొలనుకు వెళ్ళడం మానేసింది. పూటపూటా సూది తనే వేసేది. చెల్లెలు జబ్బ చాచేది, ఎటో చూస్తూ. గదుల తలుపులకు లోపలి గడియలన్నీ ఊడబీకింది, స్నానాల గదికీ వీధి తలుపుకూ కూడా. చెల్లెలు స్నానం చేస్తుంటే బయట నిలబడి, "ఉన్నావా?" అని పిలిచేది. "ఉన్నా." కాసేపాగి మళ్ళీ, "ఉన్నావా?" చెల్లెలు పడుకుంటే పక్కన కూర్చుని ఛాతీ లేచిపడటం చూసేది. అది లేచి, మళ్ళీ పడేలోపు ఈతక్క తన ఊపిరి బిగపట్టేది. నిలబడే రెండు ముద్దలు మింగేది, చాలాసార్లు అదీ లేదు. కునుకు పడితే ఉలిక్కిపడి లేచి ముందు మంచం తడిమేది. తల దువ్వుకుని ఎన్నాళ్ళైందో. బస్తాలు మోసే ఆ భుజాలు వంగిపోయాయి.

పంపు తాత ఒకరోజు చూడటానికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నీ చోట కొత్తాయన్ని పెట్టారు. ఆయన అరిచే అరుపులకి సగంమంది మానేశారు. ఎప్పుడొస్తావ్?"

"నీళ్ళెక్కడికి పోతాయి తాతా. ఇది కుదుటపడనీ."

ఆయన ఆవిడ ముఖం చూశాడు, చేతులు చూశాడు. "తన్ను మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం అన్నారమ్మా పెద్దలు. మునిగేవాళ్ళ దగ్గరికి ఊపిరి లేకుండా వెళ్ళకూడదని పిల్లలకి నువ్వేగా చెప్పేదానివి" అన్నాడు.

"చెప్పేటందుకేలే తాతా, పాఠాలు" అని తలుపు వేసేసింది. లోపల చెల్లెలు అంతా వింటోందన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

ఆ తరవాత కొద్దిరోజులకే, పొద్దున్న, ఈతక్క పొయ్యి మీద నీళ్ళు కాచి దించుతోంది. కళ్ళ ముందు గోడ ఒక పక్కకు జరిగినట్టైంది. గిన్నె చేతిలోంచి జారింది. అంతే తెలుసు.

మళ్ళీ తెలిసేసరికి చెవులు చిల్లులు పడేలా ఎవరో అరుస్తున్నారు. "పిన్నిగారూ! ఓ పిన్నిగారూ! పైకి రండి! ఎవరైనా రండయ్యా, ఈ బిల్డింగులో మనుషులున్నారా, చచ్చారా!" అది చెల్లెలి గొంతు. బాల్కనీలో నిలబడి అరుస్తోంది. వీధి అవతల కిటికీలు తెరుచుకున్నాయి. తరవాత వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, అక్క కాలిమీద చన్నీళ్ళు గుమ్మరించి, తల ఒళ్ళో పెట్టుకుంది.

కింది వాటా పిన్నిగారు వచ్చి మందు రాసి, పాలు తాగించి, ఆకలి మూర్ఛేనని తేల్చి వెళ్ళింది. కాలు బొబ్బలెక్కింది. అక్కాచెల్లెళ్ళిద్దరే వంటింటి గచ్చు మీద మిగిలారు.

"ఎప్పుడు తిన్నావు నువ్వు?" అంది చెల్లెలు.

ఈతక్క గుర్తు చేసుకోవడానికి చూసింది. గుర్తు రాలేదు.

"నువ్వు చేస్తున్నదేంటో నీకు తెలుస్తోందా? నేను చేసిందే నువ్వూ చేస్తున్నావ్! ఇలాగే కూర్చున్నా నేను ఆయన పక్కన. ఇలాగే తిండి మానేశా, ఇలాగే జుట్టు జడలు కట్టించుకున్నా. మొదట నిద్ర పోయింది. తరవాత ఆకలి పోయింది. తరవాత నేనే పోయాను. ఎటు పోయానో కూడా తెలీలేదు. ఒక్కళ్ళు ఆపలేదక్కా! అందరూ వచ్చి మెచ్చుకున్నారు. నువ్వూ మెచ్చుకున్నావ్."

"మెచ్చుకున్నా" అంది ఈతక్క. "తప్పే చేశా."

"ఆయన పోయాక, లేచి వెళ్దామంటే లేవడానికి అక్కడ ఎవరూ లేరు. రేపు నేను బాగుపడితే నీ పరిస్థితీ అంతే. నేను పోయినా అంతే." చెల్లెలు చేత్తో ముక్కు తుడుచుకుంది. "రేపు పొద్దున నువ్వు పనికెళ్ళు."

"నిన్నొదిలా? వెళ్ళను."

"వెళ్ళు. సూది నేనే వేసుకుంటా. నా గదికి గడియ పెట్టించు. స్నానాల గదికి కూడా. నేను తలుపేసుకునేంత మనిషినైనా కానా?"

ఈతక్కకు ఏళ్ళుగా నీటి అడుగున కూడా కలగని భయం అప్పుడు కలిగింది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది. "మళ్ళీ మానేస్తావా?"

చెల్లెలు అబద్ధం చెప్పొచ్చు. ఊఁ, ఊహూఁ అని ఏదో ఒకటి అనేయొచ్చు, ఇన్నాళ్ళూ అన్నట్టే. అనలేదు.

"తెలీదక్కా. ఇవాళ్టికైతే వేసుకుంటా. రేపు కూడా అంటే ఏం చెప్పను? ఇవాళ నువ్వు పడిపోయావని భయమేసింది. చాలా రోజులకి భయమేసింది నాకు. అంతవరకే తెలుసు."

అది చాలదు. మనిషి ప్రాణాన్ని ఆ మాత్రం మాట మీద వదిలిపెట్టి ఎవరు వెళ్ళగలరు? కానీ అంతకు మించిన మాట చెల్లెలి దగ్గర లేదు. ఉన్నదే ఇచ్చింది.

మధ్యాహ్నం ఈతక్క కుంటుకుంటూ స్టూలు తెచ్చుకుని గడియలు బిగించింది. స్క్రూలు కింద పడుతుంటే చెల్లెలు ఏరి ఇచ్చింది. "అది తలకిందులుగా పెట్టావు" అని ఒకసారి విసుక్కుంది. ఈతక్క విప్పి మళ్ళీ పెట్టింది. వీధి తలుపుకు కూడా.

మర్నాడు పొద్దున్న ఈతక్క తల దువ్వుకుంది. చెల్లెలు ఎదురుగా కూర్చుని, పొట్ట మీద చర్మం పట్టుకుని సూది వేసుకుంది. ఇద్దరూ రొట్టె తిన్నారు. సంచీ భుజాన వేసుకుని ఈతక్క గుమ్మం దాటింది, వెనక్కి తిరిగింది. ఏదో చెప్పాలి. జాగ్రత్త అనాలి. ఫోను దగ్గర పెట్టుకో అనాలి. మధ్యలో ఒకసారి వచ్చి చూస్తా అనాలి. ఏదంటే మళ్ళీ కాపలాయే అవుతుంది.

"వెళ్ళొస్తా" అంది.

"వెళ్ళు."

తలుపు మూసుకుంది. లోపలనుంచి గడియ పడింది. ఇప్పుడు ఆ తలుపు ఈతక్క తోసినా తెరుచుకోదు. అవతల ఊపిరి ఉందో లేదో వినబడదు. ఆవిడ చెయ్యి చెక్కకు ఆనించి నిలబడింది. ఒక్కసారి పిలిస్తే చాలు, ఉన్నావా అంటే చాలు, లోపల్నుంచి ఉన్నా అని వస్తుంది, అప్పుడు కాళ్ళు కదులుతాయి. పిలుపు నోటిదాకా వచ్చింది.

పిలవలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని, బొబ్బలెక్కిన కాలు ముందు పెట్టి, భయం భయంగా ఒక్కొక్క మెట్టే దిగింది.